ఒపెచాన్‌కనో

ఒపెచాన్‌కనో ఉత్తర అమెరికా తూర్పు తీరాన, నేటి వర్జీనియా రాష్ట్రపు కోస్తా మైదానంలో నివసించిన పౌహటన్ జనుల యుద్ధనాయకుడు. చివరి దశలో వారందరికీ మహానాయకుడు. 1607లో జేమ్స్‌టౌన్ వద్ద ఇంగ్లీషువారు కోట కట్టుకున్న కొద్ది నెలలకే వారిలో ముఖ్యుడైన ఒకడిని చెరపట్టిన ఇతడు, 1622 మార్చిలోను, మళ్లీ 1644 ఏప్రిల్‌లోను వారి వలస గ్రామాల మీద ఒకే ఉదయాన పలుచోట్ల దాడులు జరిపించి, 1646లో శత్రువుల చెరలో ప్రాణం విడిచేదాకా సుమారు నలభై ఏళ్లు తన నేల కోసం నిలబడ్డాడు. అన్న పౌహటన్ పేరు, ఆ అన్న కూతురు పొకహాంటస్ పేరు లోకమంతా ఎరిగినవే గాని ఇతని పేరు అంతగా వినిపించదు. జేమ్స్‌టౌన్ చరిత్రను రాసిపెట్టినవారు ఇంగ్లీషువారే కావడంతో, ఆకలివేళ తమకు తిండి తెచ్చిపెట్టిన బాలికను తలచుకున్నంత ఇష్టంగా తమను ఎదిరించిన పెద్దమనిషిని వారు తలచుకోలేదు.

అతడు కోరింది ఇంగ్లీషువారిని సమూలంగా తుడిచిపెట్టడమా, లేక వారికొక హద్దు గీసి ఆ హద్దులో ఉంచడమా అనే విషయంలో చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. దాడులకు ముందు అతడు చేసిన ఏర్పాట్లను, దాడుల తరువాత చేయకుండా మానిన పనులను కలిపి చూస్తే రెండో అభిప్రాయమే బలంగా కనిపిస్తుంది. పొరుగువారిగా మసలుకుంటే ఉండనిద్దామనీ, యజమానులుగా మారబోతే వెనక్కి నెట్టాలనీ అతని రాజనీతి సాగింది. ఆ నీతి ఎందుకు విఫలమైందో తెలియాలంటే ఆ దేశపు స్వరూపం, అక్కడి అధికారపు తీరు ముందుగా తెలియాలి.

దేశం, జనం, అధికారం

పౌహటన్లు తమ దేశాన్ని ట్సెనకొమాకా అని పిలుచుకునేవారు. చెసపీక్ అఖాతంలోకి పడమటి నుంచి వచ్చి కలిసే జేమ్స్, యార్క్, రాపహానక్, పొటోమాక్ నదుల దిగువ భాగాలు, వాటి నడుమ సన్నగా సాగిన ద్వీపకల్పాలు, అఖాతానికి ఆవలి తూర్పు ఒడ్డు ఇందులోనివే. ఈ నదులలో సముద్రపు పోటు చాలా లోపలిదాకా వస్తుంది. నేటి రిచ్మండ్ నగరం దగ్గర జేమ్స్ నది రాళ్ల మీదుగా దూకే చోటి వరకు నీరు లోతుగా, నిదానంగా ఉంటుంది. ఒంటిమాను పడవల మీద తిరిగే జనానికి ఊరికీ ఊరికీ బాటలైన ఆ నదులే తరువాతి కాలంలో ఇంగ్లీషు ఓడలను ప్రతి పొలం గట్టు దాకా తీసుకువచ్చాయి. దేశపు బలమే దేశపు బలహీనతగా మారిన ఈ సంగతి చరిత్రలో ఎంత చెప్పుకున్నా తక్కువే.

ఆల్గోంకియన్ భాషాకుటుంబానికి చెందిన భాష మాట్లాడే సుమారు ముప్పై తెగలు ఈ దేశంలో ఉండేవి. 1607 నాటికి వారి జనాభా ఉరామరిగా పదిహేను వేలని పండితుల అంచనా. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో కలిపి పండించడం ఆడవారి పని, వేట, చేపలు పట్టడం, యుద్ధం మగవారి పని. కొన్నేళ్లు పండించాక సారం తగ్గిన చేలను బీడు వదిలి మరోచోట అడవి నరికి కొత్త చేలు వేసుకునేవారు. వసంతంలో గాదెలు ఖాళీ అయినప్పుడు చిత్తడి నేలలలోని దుంపలు తవ్వి, ఎండబెట్టి, దంచి రొట్టె చేసుకునేవారు. అందుచేత బీడు భూమి, అడవి, బురదనేల అన్నీ వారి జీవనాధారంలో భాగాలే. ఇంగ్లీషువారికి మాత్రం కంచె వేసి దున్నని నేలంతా ఎవరిదీ కాని నేలగా కనబడింది.

ఒక్కొక్క తెగకు వెరోవాన్స్ అనే నాయకుడు ఉండేవాడు. నాయకురాలైతే వెరోవాన్‌స్క్వా అనేవారు. వారందరి నుంచి మొక్కజొన్న, జింక తోళ్లు, రాగి, ముత్యాలు కప్పంగా స్వీకరించే మహానాయకుని బిరుదు మామనటోవిక్. నాయకత్వం తల్లి వంశాన్ని బట్టి వచ్చేది గనుక మహానాయకుని తరువాత అతని కొడుకులకు కాక ఒకే తల్లి కన్న తమ్ముళ్లకు, వారి తరువాత అక్కచెల్లెళ్లకు, ఆ పిదప అక్కచెల్లెళ్ల సంతానానికి చెందేది. ఇంగ్లీషువారు మహానాయకుని చక్రవర్తి అని రాసినా అతని మాట శాసనంలా చెల్లేది కాదు. పూజారుల సలహా, పెద్దల ఆమోదం, పంచిపెట్టే కానుకలు, యుద్ధంలో గెలుపు ఇవన్నీ కలిస్తేనే మాట నిలిచేది. చికహామినీ అనే పెద్ద తెగ అయితే వెరోవాన్స్‌ను అసలే అంగీకరించక ఎనిమిది మంది పెద్దల సభతో తనను తాను పాలించుకునేది.

వాహున్‌సెనకా అనే అసలు పేరు గల మహానాయకుడు తాను పుట్టిన ఊరి పేరు మీద పౌహటన్‌గా ప్రసిద్ధుడయ్యాడు. వారసత్వంగా వచ్చిన కొద్ది తెగలను కొంత యుద్ధంతోను, కొంత బంధుత్వంతోను ముప్పై దాకా పెంచినవాడు ఇతడే. యార్క్ నది ఒడ్డున వెరోవోకోమోకోలో ఇతని కొలువు ఉండేది. ఇతని తమ్ముళ్లలో ఒపిచాపమ్ పెద్దవాడు, ఒపెచాన్‌కనో తరువాతివాడు, కెకటా చివరివాడు. ముగ్గురూ కలిసి పమంకీ తెగను ఏలేవారు. యోధుల సంఖ్యలో అన్నిటికంటె పెద్దదైన ఆ తెగ గడ్డ మీదే ఉటమసాక్ అనే ముఖ్య దేవాలయం కూడా ఉండడంతో, పమంకీ నాయకుడి చేతిలో సేనాబలంతో పాటు పూజారుల అండ కూడా ఉండేది.

పూర్వజీవితం

ఇంగ్లీషువారు రాకముందు ఒపెచాన్‌కనో ఎక్కడ, ఎలా గడిపాడన్న విషయంలో ఒక ఆసక్తికరమైన వాదం ఉంది. 1561లో స్పానిష్ ఓడ ఒకటి చెసపీక్ ప్రాంతం నుంచి పాకికినేయో అనే నాయకవంశపు యువకుణ్ణి తీసుకుపోయింది. అతడు స్పెయిన్‌లో రెండవ ఫిలిప్ రాజును దర్శించి, మెక్సికోలో క్రైస్తవం పుచ్చుకుని, అక్కడి రాజప్రతినిధి పేరు మీద డాన్ లూయీస్ అయ్యాడు. 1570లో జెసూయిట్ మతగురువులకు దారి చూపిస్తూ స్వదేశం చేరిన అతడు కొద్దిరోజులకే వారిని వదిలి తనవారిలో కలిసిపోయి, 1571 ఫిబ్రవరిలో ఆ గురువులను చంపించాడు. వారితో వచ్చిన అలోన్సో అనే బాలుడు మాత్రం బతికాడు. ఈ డాన్ లూయీసే ఒపెచాన్‌కనో అని కార్ల్ బ్రిడెన్‌బా, ఇటీవలి కాలంలో జేమ్స్ హార్న్ వాదించగా, పౌహటన్ల చరిత్ర మీద జీవితకాలం పరిశోధించిన హెలెన్ రౌంట్రీ అంగీకరించలేదు. వయస్సు లెక్క సరిపోతుంది గాని ఆధారాలలో ఇద్దరినీ ముడివేసే సూటి సాక్ష్యం లేదు. ఆ వాదం నిలవకపోయినా, సముద్రం దాటి వచ్చేవారి సంగతి ఆ దేశపు నాయకులకు 1607కు ముందే బాగా తెలుసునన్నది మాత్రం నిర్వివాదం.

ఇంగ్లీషువారితో తొలి వ్యవహారం

1607 మే నెలలో లండన్‌లోని వర్జీనియా కంపెనీ అనే వర్తక సంస్థ పంపిన నూట నలుగురు పురుషులు, బాలురు జేమ్స్ నదిలో ఒక ద్వీపం వంటి చోట దిగి జేమ్స్‌టౌన్ కోట కట్టుకున్నారు. ఆ డిసెంబరులో చికహామినీ నది ఎగువన చిత్తడి నేలలలో దారి వెతుకుతున్న, వలసనాయకులలో ఒకడైన కెప్టెన్ జాన్ స్మిత్, ఒపెచాన్‌కనో నడిపిస్తున్న వేట దండుకు దొరికిపోయాడు. స్మిత్ తన దిక్సూచిని చూపించగా, గాజు కింద ముల్లు కదులుతూ కనబడుతున్నా వేలికి అందకపోవడం చూసి వారు ఆశ్చర్యపోయారని అతడే రాసుకున్నాడు. అక్కడికక్కడే చంపకుండా ఒపెచాన్‌కనో అతణ్ణి ఊరూరా తిప్పి, పమంకీ పూజారుల ఎదుట మూడు రోజుల క్రతువులో కూర్చోబెట్టాడు. పూజారులు నేల మీద పిండితో ఒక వలయం గీసి, దాని చుట్టూ మొక్కజొన్న గింజలు వరుసగా పేర్చి, ఆ వెలుపల పుల్లలు ఉంచారు. పిండి వలయం తమ దేశం, గింజల వరుస సముద్రపు అంచు, పుల్లలు స్మిత్ వచ్చిన దేశమని అతనికి వివరించారు. తరువాత వెరోవోకోమోకోలో పౌహటన్ అతణ్ణి కొడుకుగా చూసుకుంటాననీ, రెండు ఫిరంగులు, ఒక సానరాయి ఇస్తే కాపహోవాసిక్ అనే చోటును ఇస్తాననీ చెప్పాడు. పొకహాంటస్ అడ్డుపడి స్మిత్ ప్రాణం కాపాడిందనే ప్రసిద్ధ కథను చాలామంది పండితులు నమ్మరు. నమ్మదగినది, గమనించదగినది ఈ క్రతువు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం. కొత్తవారిని తమ లోకంలో ఒక చోట కూర్చోబెట్టి, కప్పం ఇచ్చే మరొక తెగగా మార్చుకోవాలన్న ఆలోచన ఆనాడే స్పష్టంగా ఉంది.

ఇంగ్లీషువారు ఆ చోటులో ఇమడలేదు. తాము పండించుకోలేని తిండిని కొన్నాళ్లు రాగికి, పూసలకు కొన్నారు, దొరకనప్పుడు తుపాకీ చూపి తీసుకున్నారు. 1609 జనవరిలో పమంకీకి మొక్కజొన్న కోసం వచ్చిన స్మిత్, తన చుట్టూ యోధులు మోహరించారని తెలిసి, ఒపెచాన్‌కనో జుట్టు పట్టుకుని గుండెకు పిస్తోలు ఆనించి అతని మనుషులందరి ముందు నడిపించాడు. స్మిత్ ఈ ఉదంతాన్ని గర్వంగా రాసుకున్నాడు. మర్యాదే అధికారానికి మూలమైన సమాజంలో ఒక నాయకుడికి జరిగిన ఈ అవమానం చిన్నది కాదు, అయినా ఒపెచాన్‌కనో ఆవేశపడి తిరగబడకుండా ఊరుకున్నాడు. ఎదురుచూడగల ఈ గుణమే అతని రాజకీయ జీవితమంతటా కనిపిస్తుంది.

1609 నుంచి 1614 వరకు సాగిన తొలి యుద్ధం పౌహటన్ నాయకత్వంలో జరిగింది. 1609–10 చలికాలంలో జేమ్స్‌టౌన్‌ను చుట్టుముట్టి తిండి అందకుండా చేయగా కోటలో చాలామంది ఆకలితో చనిపోయారు. కోటను వదిలి బయలుదేరినవారు నదిలోనే కొత్త ఓడలు ఎదురై వెనక్కి మళ్లారు. 1610 ఆగస్టులో జార్జ్ పెర్సీ నడిపిన దండు పాస్పహే తెగ ఊరిని తగులబెట్టి, పట్టుబడిన వెరోవాన్స్ భార్యను, ఆమె పిల్లలను చంపింది; పిల్లలను నీటిలోకి విసిరి కాల్చిన సంగతి పెర్సీయే రాశాడు. పౌహటన్ల యుద్ధనీతిలో శత్రువుల ఆడవారిని, పిల్లలను సాధారణంగా చెరపట్టి తమలో కలుపుకునేవారే గాని చంపేవారు కాదు. ఎదుటివారి యుద్ధం వేరొక రకమని వారికి తెలిసివచ్చింది ఇలాంటి ఘటనల వల్లనే.

1613లో ఇంగ్లీషువారు పొకహాంటస్‌ను ఎత్తుకుపోయి బందీగా ఉంచారు. 1614 ఏప్రిల్‌లో ఆమె పొగాకు రైతు జాన్ రాల్ఫ్‌ను పెళ్లాడడంతో సంధి కుదిరింది. ఆ సంధికి ఇంగ్లీషు పక్షాన నిలిచిన సర్ థామస్ డేల్ కఠిన శిక్షలకు పేరుపడ్డ అధికారి. అతడే ఆ తరువాత ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి నాయకుడై తూర్పు సముద్రాలకు వచ్చి 1619లో మన మచిలీపట్నంలో మరణించాడు. వర్జీనియా కంపెనీకి, ఈస్టిండియా కంపెనీకి ఒకే కాలంలో సర్ థామస్ స్మైత్ అనే లండన్ వర్తకుడే అధిపతి అన్న విషయం గుర్తుంచుకుంటే, జేమ్స్ నది మీదా కోరమాండల్ తీరం మీదా ఆనాడు కదిలిన డబ్బు, మనుషులు ఎంత దగ్గరివో తెలుస్తుంది.

శాంతికాలంలో బలసమీకరణ

సంధి తరువాత వృద్ధుడైన పౌహటన్ క్రమంగా వ్యవహారాల నుంచి తప్పుకుని 1618 ఏప్రిల్‌లో మరణించాడు. వరుస ప్రకారం ఒపిచాపమ్ మహానాయకుడైనా ఇంగ్లీషువారితో మాట్లాడడం, యోధులను కూడగట్టడం వంటి అసలు పనులన్నీ ఒపెచాన్‌కనో చేతిలోకి వచ్చాయి. అంతకుముందే 1616లో అతడు ఒక గొప్ప రాజకీయ విజయం సాధించాడు. మొక్కజొన్న ఇవ్వలేదన్న కోపంతో డిప్యూటీ గవర్నరు జార్జ్ యార్డ్లీ చికహామినీల మీద దాడిచేసి పలువురిని చంపగా, ఎన్నడూ పౌహటన్‌కు లొంగని ఆ తెగకు తాను రక్షకుడుగా నిలబడి వారి కప్పాన్ని, నమ్మకాన్ని సంపాదించాడు. ఆయుధం ఎత్తకుండా, ఎదుటివారి తప్పునే ఆసరాగా చేసుకుని మిత్రులను పెంచుకున్న ఈ తీరు అతని నేర్పుకు మంచి నిదర్శనం.

1616లో పొకహాంటస్ వెంట ఇంగ్లండ్ వెళ్లిన ఉటమటోమాకిన్ అనే పూజారిని అక్కడి జనాన్ని లెక్కపెట్టి రమ్మని పంపారు. ఒక కర్ర మీద మనిషికొక గాటు పెట్టడం మొదలుపెట్టిన అతడు ఆ పని సాగేది కాదని త్వరలోనే మానుకున్నాడు. పొకహాంటస్ 1617 మార్చిలో గ్రేవ్స్‌ఎండ్‌లో మరణించగా, తిరిగివచ్చిన ఉటమటోమాకిన్ ఇంగ్లీషువారిని గురించి ఒపెచాన్‌కనోకు చెడుగానే చెప్పాడు. అయితే ఆ గాట్ల కర్రలో దాగిన హెచ్చరికను, అంటే ఎంతమంది చచ్చినా ఓడలు మళ్లీ మళ్లీ నింపుకొస్తాయన్న నిజాన్ని, నాయకులు పూర్తిగా లెక్కలోకి తీసుకున్నట్లు లేదు.

ఈలోగా పొగాకు దేశపు ముఖాన్నే మార్చివేసింది. రాల్ఫ్ 1612 ప్రాంతంలో కరీబియన్ దీవుల నుంచి తెప్పించిన విత్తనంతో మొదలుపెట్టిన పంట కొద్ది ఏళ్లలోనే లండన్ సంతలో లాభసాటి సరుకైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు వర్జీనియా అనే పేరు పొగాకు రకంగా పరిచయం కావడానికి మూలం ఇక్కడిదే. పొగాకు మూడు నాలుగేళ్లలో నేల సారాన్ని పీల్చేస్తుంది గనుక రైతు ఎప్పటికప్పుడు కొత్త నేల మీదికి పోవాలి. 1618లో కంపెనీ తన ఖర్చుతో ఓడ ఎక్కి వచ్చిన ప్రతి మనిషికీ యాభై ఎకరాలు ఇస్తామని ప్రకటించడంతో జేమ్స్ నదికి రెండు వైపులా పౌహటన్ ఊళ్లు, చేలు, బీళ్లు వరుసగా ఆక్రమణకు గురయ్యాయి. 1619 నుంచి మూడేళ్లలో మూడు వేలకు పైగా జనాన్ని పంపించారు, వారిలో ఎక్కువమంది జబ్బులతో చనిపోయినా నేల మీది ఒత్తిడి తగ్గలేదు.

నేలతో పాటు పిల్లలు కూడా చేజారిపోయే ప్రమాదం వచ్చింది. స్వదేశీ పిల్లలను ఇంగ్లీషు ఇళ్లలో పెంచి, క్రైస్తవం నేర్పి, హెన్రికో అనే ఇంగ్లీషు వలస గ్రామం వద్ద పదివేల ఎకరాలలో తలపెట్టిన కళాశాలలో చదివించాలని కంపెనీ సంకల్పించింది. దాని బాధ్యత తీసుకుని 1620లో వచ్చిన జార్జ్ థార్ప్ దయ గలవాడు. ఇంగ్లీషువారి వేటకుక్కలకు పౌహటన్లు భయపడుతున్నారని విని కొన్నిటిని చంపించాడు. ఒపెచాన్‌కనోకు ఇంగ్లీషు పద్ధతిలో ఒక ఇల్లు కట్టించి ఇవ్వగా, దాని తలుపు తాళం అతనికి ఎంతో నచ్చి రోజుకు ఎన్నోసార్లు వేసి తీసేవాడని ఆ కాలపు రాతలు చెబుతాయి. పెద్దాయన అమాయకపు ముచ్చటగా ఇంగ్లీషువారు ఆ సంగతిని నవ్వుతూ రాశారు గాని, సరిగ్గా ఆ రోజులలోనే అతడు ముప్పై తెగల యోధులను రహస్యంగా ఒక దారికి తెస్తున్నాడు. తన దేవతల బోధ తప్పనీ, థార్ప్ దేవుడే గొప్పవాడనీ అతడు చెప్పిన మాటలు కూడా ఆ ఏర్పాటులో భాగాలే కావాలి. పిల్లలను విడిగా ఇవ్వం, కుటుంబాలకు కుటుంబాలే మీ మధ్యకు వచ్చి ఉంటాయని ఒప్పుకోవడంతో, పౌహటన్ మగవారు, ఆడవారు ఇంగ్లీషు ఇళ్లలోకి స్వేచ్ఛగా వచ్చిపోయే వీలు ఏర్పడింది.

1621లో ఒపెచాన్‌కనో మాంగోపీసోమన్ అనే కొత్త పేరు, ఒపిచాపమ్ మరొక కొత్త పేరు పెట్టుకున్నారు. పెద్ద కార్యం తలపెట్టినప్పుడు పేరు మార్చుకోవడం ఆ సమాజంలో వాడుక. ఆ ఏడాది ఒపెచాన్‌కనో, పౌహటన్ అస్థికలను తిరిగి ఖననం చేసే కర్మకు చేరిన జనంతో దాడి చేయాలనుకున్నాడు. అందుకు కావలసిన విషపు మొక్కను తూర్పు ఒడ్డు నాయకుడైన ఎస్మీ షికాన్స్‌ను అడగగా అతడు ఆ సంగతి ఇంగ్లీషువారికి తెలియజేశాడు. ఒపెచాన్‌కనో అంతా అబద్ధమని కొట్టిపారేసి, పథకం మానుకుని మళ్లీ ఓపిక పట్టాడు. 1622 మార్చి ఆరంభంలో, తూటా తగలదన్న నమ్మకంతో ఈకల వేషంలో పోరాడే ప్రసిద్ధ వీరుడు నెమటాన్యూను ఇంగ్లీషు నౌకర్లు కాల్చి చంపినప్పుడు కూడా, ఆకాశం విరిగిపడినా సంధి చెడదన్న అర్థంలో కబురు పంపాడు.

1622 మార్చి 22

ఆనాటి ఇంగ్లీషు పంచాంగం ప్రకారం మార్చి 22 ఉదయం పౌహటన్లు ఎప్పటిలాగే ఆయుధాలు లేకుండా జింక మాంసం, చేపలు, టర్కీ కోళ్లు అమ్మడానికి ఇంగ్లీషు ఇళ్లకు వచ్చారు. కొందరు వారితో కలిసి ఫలహారానికి కూర్చున్నారు. ఒక్కసారిగా అందుబాటులో ఉన్న గొడ్డళ్లు, పారలు, సుత్తులు అందుకుని మగ, ఆడ, పిల్లలనే తేడా లేకుండా చంపడం మొదలుపెట్టారు. జేమ్స్ నది వెంబడి అనేక మైళ్ల పొడవునా విడివిడిగా ఉన్న తోటల మీద ఒకే సమయంలో దాడి జరిగింది. 347 మంది చనిపోయారు. అప్పటి వలస జనాభా సుమారు 1,240 గనుక ఇది నాలుగో వంతుకు మించిన నష్టం. మార్టిన్స్ హండ్రెడ్ అనే తోటలో ఎక్కువమంది చనిపోయారు. హెన్రికో, అక్కడి కళాశాల పనులు, ఫాలింగ్ క్రీక్ ఇనుప కొలిమి నాశనమయ్యాయి. థార్ప్ కూడా చనిపోయాడు. రిచర్డ్ పేస్ ఇంట్లో కొడుకులా పెరిగిన ఒక స్వదేశీ యువకుడు ముందురాత్రి సంగతి చెప్పడంతో, పేస్ పడవ వేసుకుని నది దాటి హెచ్చరించగా జేమ్స్‌టౌన్ బతికిపోయింది.

ఈ దాడిలో రెండు విషయాలు విడిగా చూడాలి. మొదటిది, పాతికకు పైగా చోట్ల జరగబోయే పనిని అన్ని తెగలలో అంతమంది అన్ని నెలలు గుట్టుగా దాచగలిగారంటే ఒపెచాన్‌కనో మాట మీద ఉన్న గురి ఎంతటిదో తెలుస్తుంది. రెండోది, దాడి ముగిశాక అతడు వెంటబడలేదు. బతికినవారు కొన్ని కోటలలోకి చేరి బెదిరిపోయి, తిండి లేక, జబ్బులతో అల్లాడుతూ, తరువాతి చలికాలంలో దాడి నాటికంటె ఎక్కువమందిని పోగొట్టుకున్నా, వారి మీద తుది దెబ్బ తీయలేదు. పౌహటన్ల పద్ధతిలో హద్దు మీరిన తెగను ఒక్కసారి గట్టిగా కొట్టి, అది బుద్ధి తెచ్చుకుని వెనక్కి తగ్గడానికో, దేశం వదలిపోవడానికో సమయం ఇస్తారు. ఒపెచాన్‌కనో ఎదురుచూసింది దాని కోసమే. చనిపోయినవారిలో నిరాయుధులు, పసివారు ఉన్న మాట నిజం, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. పాస్పహే పిల్లల తరువాత పన్నెండేళ్లకు జరిగిన ఈ హత్యలలో ఎదుటివారి యుద్ధనీతి నీడ పడిందన్నదీ అంతే నిజం.

పంటల మీది యుద్ధం

లండన్‌లో ఈ వార్త వేరే విధంగా ఉపయోగపడింది. అదే ఏడాది ఎడ్వర్డ్ వాటర్‌హౌస్ ప్రచురించిన పుస్తకం, ఇంతవరకు మర్యాద అడ్డువచ్చిందనీ, ఇక యుద్ధపు హక్కుతో స్వదేశీయులు బాగుచేసిన నేలలనే స్వాధీనం చేసుకోవచ్చనీ బాహాటంగా వాదించింది. ఎదురుపడి పోరాడని శత్రువును ఆకలితో లొంగదీయాలని వర్జీనియా అధికారులు నిశ్చయించారు. పైరు వేయనిచ్చి, కంకి గట్టిపడే వేళకు దండు వచ్చి కొంత కోసుకుపోవడం, మిగిలింది తగలబెట్టడం, ఊళ్లను, పడవలను, చేపల మాటులను ధ్వంసం చేయడం ఏటేటా జరిగింది. 1623 వసంతంలో పౌహటన్లు, ఇరుపక్షాలా చాలినంత రక్తం పారిందనీ, విత్తనం వేసుకోనిస్తే చెరలో ఉన్న సుమారు ఇరవై మందిని అప్పగిస్తామనీ కబురు పంపితే, ఇంగ్లీషువారు ఒప్పుకున్నట్లు నటించారు. ఆ మే నెలలో కెప్టెన్ విలియం టక్కర్ సంధి మాటలకని నది ఒడ్డున వారిని చేర్చి, వైద్యుడు జాన్ పాట్ కలిపిన విషపు ద్రాక్షసారాయి పోయించాడు. సుమారు రెండు వందల మంది విషం తాగారు, మరో యాభై మందిని కాల్చి చంపారు. ఒపెచాన్‌కనో చనిపోయాడని ఇంగ్లీషువారు సంబరపడ్డారు గాని అతడు బతికే ఉన్నాడు.

1624లో పమంకీ చేల దగ్గర రెండు రోజుల పాటు బహిరంగ యుద్ధం జరిగింది. సుమారు ఎనిమిది వందల మంది విలుకాళ్లు అరవై మంది తుపాకీదార్లను ఎదుర్కొన్నారు. ఒక పక్క పోరు సాగుతుండగానే మరోపక్క ఇంగ్లీషువారు పైరు కోస్తూ, నాలుగు వేల మందికి ఏడాది సరిపోయేంత మొక్కజొన్నను నాశనం చేశారని వారే లెక్క రాశారు. తాము కళ్లారా చూస్తుండగా ఏడాది తిండి పోవడంతో యోధులు చివరకు గుండెలు అవిసి ఊరక నిలబడిపోయారు. ఇంగ్లీషు పక్షాన కూడా మార్పు వచ్చింది: ఆ ఏడాదే వర్జీనియా కంపెనీ పట్టా రద్దై వలస నేరుగా రాజు పాలనలోకి పోయింది. యుద్ధం 1632 దాకా అడపాదడపా సాగి అలసటతో ఆగింది.

ఒపిచాపమ్ మరణించాక, 1630 ప్రాంతంలో ఒపెచాన్‌కనో మహానాయకుడయ్యాడు. పదవి వచ్చేసరికి దేశం కుంచించుకుపోయింది. 1634 నాటికి జేమ్స్, యార్క్ నదుల మధ్య ద్వీపకల్పానికి అడ్డంగా ఆరు మైళ్ల కొయ్యల దడి కట్టి ఇంగ్లీషువారు దిగువ భాగమంతా తమదని తేల్చారు. పదేళ్లలో వారి జనం సుమారు ఎనిమిది వేలకు చేరింది. జబ్బులు, యుద్ధాలు, ఆకలి వల్ల పౌహటన్ల సంఖ్య తగ్గుతూనే ఉంది.

1644, 1646

1644 ఏప్రిల్ 18న ఒపెచాన్‌కనో మళ్లీ దెబ్బతీశాడు. అప్పటికి అతడు నడవలేని వృద్ధుడు, డోలీలో మోసుకుపోవలసి వచ్చేది. ఇంగ్లండ్‌లో రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం జరుగుతోందని తెలిసి అదను చూసుకున్నాడని సమకాలికులు భావించారు. నాలుగు వందల మందికి పైగా ఇంగ్లీషువారు చనిపోయారు. సంఖ్యలో 1622 కంటె ఎక్కువే అయినా వలస జనాభాలో అది ఇరవయ్యో వంతు. మునుపటి దాడి వలసను పునాదులతో కదిలిస్తే ఇది అంచులను మాత్రమే గాయపరిచింది. ఈసారి కూడా దాడి తరువాత యోధులు వెనుదిరిగారు.

గవర్నరు విలియం బర్క్లీ నదుల ఎగువన కోటలు కట్టించి, మళ్లీ పంటల మీద పడి, 1646లో గుర్రపు దండుతో వెళ్లి ఒపెచాన్‌కనోను పట్టుకున్నాడు. 1705లో అచ్చయిన రాబర్ట్ బెవర్లీ చరిత్ర ప్రకారం అతని ఒంట్లో కండ కరిగిపోయింది, పరిచారకులు కనురెప్పలు ఎత్తి పట్టుకుంటే తప్ప చూడలేకపోయేవాడు. జేమ్స్‌టౌన్ చెరసాలలో తనను చూడడానికి జనం మూగిన సవ్వడి విని, రెప్పలు ఎత్తించుకుని చూసి, గవర్నరును పిలిపించి, నువ్వే నా చేత చిక్కి ఉంటే నా జనానికి నిన్నిలా వింతగా చూపించేవాణ్ణి కాదని అన్నాడట. బర్క్లీ అతణ్ణి ఇంగ్లండ్ పంపాలనుకుంటుండగా కాపలా సిపాయి ఒకడు వెనుక నుంచి కాల్చి చంపాడు. అతని వయస్సు వందకు దగ్గర అని బెవర్లీ నాటికి వాడుక.

ఆ అక్టోబరులో వారసుడు నెకొటోవాన్స్ సంతకం చేసిన ఒడంబడికతో పౌహటన్ల మహానాయకత్వం దాదాపుగా అంతమైంది. జేమ్స్, యార్క్ నదుల మధ్య నేలను వదులుకుని, మిగిలిన నేలను ఇంగ్లండ్ రాజు దయతో అనుభవిస్తున్నట్లు అంగీకరించి, ఏటా అడవి బాతులు మళ్లిపోయే కాలానికి ఇరవై బీవర్ తోళ్లు కప్పంగా చెల్లించాలి. ఇంగ్లీషు హద్దులలోకి కబురు తెచ్చే మనిషి గుర్తుగా చారల కోటు తొడుక్కోవాలి. నలభై ఏళ్ల కిందట స్మిత్‌కు పౌహటన్ ఇవ్వజూపిన స్థానం, కప్పం కట్టి ఒక చోట ఒదిగి ఉండే తెగ స్థానం, ఇప్పుడు పౌహటన్లకే దక్కింది.

తరువాతి చరిత్ర

తెగలు విడివిడిగా చెదిరినా జనం అంతరించలేదు. పమంకీ నాయకురాలు కోకకోస్కీ 1677లో కుదుర్చుకున్న ఒడంబడిక తెగలకు తమ నేల మీద హక్కును ఖాయపరచింది; దాని ప్రకారం పమంకీ, మటపోనై తెగలు నేటికీ ప్రతి నవంబరులో వర్జీనియా గవర్నరుకు జింకలు కానుకగా తెచ్చి ఇస్తాయి. 1924లో వర్జీనియా చేసిన జాతిశుద్ధి చట్టం మనుషులను తెల్లవారు, వర్ణజనులు అనే రెండే గళ్లలో నమోదు చేయించి, స్వదేశీ కుటుంబాల గుర్తింపును పత్రాల నుంచి తుడిచివేయబోయింది. తరువాత సమాఖ్య ప్రభుత్వపు గుర్తింపు కోరినప్పుడు ఈ తెగలకు ఎదురైన చిక్కులలో చాలాభాగం ఆ పత్రాల వల్ల పుట్టినవే. ఒపెచాన్‌కనో ఏలిన నది ఒడ్డునే, సుమారు పన్నెండు వందల ఎకరాల సొంత నేలలో ఉంటున్న పమంకీలకు 2015లో ఆ గుర్తింపు లభించింది. చికహామినీలతో సహా మరికొన్ని తెగలకు 2018లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం ద్వారా ఇచ్చింది.